బాలింత గదిలో కొత్త బీరువా

మరునాడు అక్క ఆసుపత్రి నుంచి పసిబిడ్డతో ఇంటికి రావలసి ఉంది. ఆమె బట్టల కోసం నాయన మార్కాపురంలో బోర్డు బీరువా కొని, మా ఊరు తర్లుపాడు దాకా ట్రాలీ ఆటోలో తెచ్చి, లోపలి గదిలో నా రాత బల్ల పక్కన వడ్రంగి చేత బిగించి పెట్టించాడు.

దాని తలుపు తీయగానే నా కళ్ళు మండాయి. కాలేజీ ల్యాబులో కప్పలను నిల్వ ఉంచే ఫార్మలిన్ సీసాల వాసన! రంపపు పొట్టును జిగురుతో అదిమి ఇటువంటి బోర్డులు చేస్తారనీ, ఆ జిగురులోని ఫార్మాల్డిహైడ్ నెలల తరబడి గాలిలో కలుస్తూనే ఉంటుందనీ, వేడికి అది మరింత పెరుగుతుందనీ చదివి ఉన్నాను. మా ఇంట్లోనేమో బాలింత గదికి కిటికీలు మూస్తారు, నిప్పుల కుంపటి పెడతారు.

“కిటికీలైనా తెరిచి ఉంచుదాం,” అన్నాను.

“బాలింతకు గాలి తగిల్తే నువ్వొచ్చి చాకిరీ చేస్తావంటనే? కాలేజీ పోటీల్లో అరిచి కప్పు తెచ్చుకున్నంత సులువనుకుంటివా?” అంది అవ్వ.

“కొత్త సామానన్నాక వాసన రాదా ఏంది? నాలుగు దినాలుంటే అదే పోతాది,” అన్నాడు నాయన.

నెగ్గలేని చోట మొండికేయకూడదని డిబేట్ పోటీలు నేర్పాయి. కిటికీల మాట వదిలేసి, వాదాన్ని బీరువాకే పరిమితం చేశాను. ఇంటి మొత్తానికి తిరుగులేని సాక్ష్యం ఒకటుంది: అవ్వ ముక్కు. పాలు విరగబోతున్నాయని కాచకముందే చెప్పగల ముక్కు అది.

రెండు స్టీలు డబ్బాలు తీసుకున్నాను. ఒకదానిలో పాత వేపచెక్క, రెండోదానిలో బీరువా బిగించేటప్పుడు వడ్రంగి కోసేసిన బోర్డు ముక్క వేసి, మూతలు బిగించి, కుంపటి వేడికి బదులుగా మధ్యాహ్నమంతా మిద్దె మీద ఎండలో ఉంచాను. సాయంత్రం వాటిని అవ్వ ముందు పెట్టి, కళ్ళు మూసుకుని వాసన చూడమన్నాను.

అవ్వ కళ్ళు మూసుకుంది. మొదటి డబ్బా మూత తీశాను.

“వేప. ఇదొక పరీక్షా?”

రెండోది తీశాను. అవ్వ తల వెనక్కి విదిల్చింది, దగ్గింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“మిరప చేన్లో మందు కొట్టినట్టుంది గదే! పచ్చి పసికందు పీల్చేదా ఇది? ఒరేయ్, ఆ బీరువా బయటికి లాగు!” అని నాయన మీద అరిచింది.

నేను ఎగిరి గంతేశాను.

“ఆగు. అదే గదిలో ఉండే నీ రాత బల్లది ఏం చెక్క?” అంది అవ్వ.

అదీ బోర్డే. నేను పట్టుబట్టి కొనిపించుకున్నదే. అది పాతబడింది, వాసన తగ్గింది అనే వాదం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ దాని ముక్కను డబ్బాలో పెట్టి చూసింది లేదు. నా సూత్రం నాయన బీరువాకు వర్తిస్తే నా బల్లకూ వర్తించాలి. బల్ల ఒక కొస పట్టుకున్నాను.

“గెలిచినట్టా, ఓడినట్టా అమ్మాయా?” అంటూ నాయన నవ్వుతూ రెండో కొస ఎత్తాడు.

మరునాడు అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. “ఏందే, గది ఇంత ఖాళీగా ఉంది?”

అవ్వ గాలిని ఒకసారి గట్టిగా పీల్చి చూసి, మంచానికి దూరంగా ఉన్న కిటికీ రెక్కను బెత్తెడు తెరిచింది.

“ఆ కంపు పూర్తిగా పోయేదాకానే,” అంది, నా వైపు చూడకుండా.