సున్నా చూసుకుని ఎక్కు బిడ్డా

కాంటా కాకా పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను పెనం మీద రెండో జొన్నరొట్టె వేస్తున్నాను. "బాపు పోయిండక్కా" అన్నాడు ఆయన కొడుకు. కడుపులో గడ్డ ఉందని తెలిసి నెల కూడా కాలేదు. రొట్టె మాడిపోయింది. ఆ పూట నేనేమీ తినలేదు. ఆయన ఉంటే దానికీ తిట్టేవాడు.

మాకు చుట్టమేమీ కాదు. సూరత్‌లో మేముండే వడోద్‌లో, మాకు రెండు గదుల అవతల ఉండేవాడు. ముప్పై ఏళ్లు కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపి, చూపు తగ్గాక అదే కార్ఖానాలో నూలు తూచే పనికి మారాడు. అప్పటినుంచి వీధంతటికీ కాంటా కాకా అయ్యాడు.

రెండేళ్ల కిందట మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. నా కిడ్నీ సరిపోతుందన్నారు. ప్రాణం లేచొచ్చింది అనుకునేలోపే, నేను డెబ్బై కిలోలకు దిగితేగానీ ఆపరేషన్ చేయనన్నాడు డాక్టరు. నేనేమో ఎనభై మూడు. పొద్దస్తమానం కూర్చుని చీరలకు రాళ్లు అంటించడం, పథ్యమని ఆయన వదిలేసిందీ పిల్లలు మిగిల్చిందీ నేనే తినడం. ఇంకేమవుతాను?

అసలే మొండిదాన్ని. నాలుగు రోజులు మజ్జిగ నీళ్లతో ఉండి, ఐదో రోజు నల్లా దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. కాకాయే లేపి కూర్చోబెట్టాడు.

"నూలును ఒక్కసారి గుంజితే తెగుతది బిడ్డా. జర జర దించాలె. గిట్ల మాడితే నువ్వు గూడ మంచాన పడ్తవు. ఇద్దరికి చాకిరి ఎవడు చెయ్యాలె?"

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు పప్పు, పళ్లెంలో సగం కూర, అన్నం ఒక్క పూట చిన్న కప్పుడు. "మిగిలింది మిగలనీ. నీ కడుపేమన్న కచరా డబ్బానా?" అనేవాడు. తెల్లవారగానే తలుపు తట్టి పాండేసర దాకా నడిపించి తీసుకొచ్చేవాడు. ఆదివారం సాంచెలు బంద్ ఉన్నప్పుడు కార్ఖానా కాంటా మీద నిలబెట్టి, పక్కనున్న సిమెంటు స్తంభం మీద సుద్దముక్కతో నా బరువు రాసేవాడు.

ఒకసారి పిల్లలతో కలిసి డుమస్ బీచికి వెళ్లాం. టమాటా భజియాల వాసనకు నేను తల తిప్పుకుంటుంటే నవ్వాడు. "ఒక్కటి తిను, ఏంగాదు. తిని నడు." తన పొట్లం మాత్రం పిల్లలకిచ్చేశాడు. ఆకలి లేదన్నాడు.

ఐదు నెలలకు డెబ్బై మూడు. ఆ తర్వాతి ఆదివారం కాంటా డెబ్బై చూపించింది. ఒక్క వారంలో మూడు కిలోలంటే అనుమానం రావాలి. నేను రానివ్వలేదు. ఫోన్ చేసి చెబితే మర్నాడే ఆస్పత్రికి రమ్మన్నారు. మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆ సాయంత్రం కాకా వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తప్పైంది బిడ్డా. నీ బరువు డెబ్బై కాదు, డెబ్బై రెండు."

నూలు తూచేటప్పుడు ఖాళీ బస్తా, నూలు చుట్టే బాబిన్ల బరువు కాంటా ముందే తీసేసి చూపిస్తుంది. శనివారం పెట్టిన ఆ మినహాయింపు తీయడం మరిచిపోయి నన్ను ఎక్కించాడట. ఎట్లా తెలిసిందని అడిగితే "తెల్సింది తియ్" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయనకేమన్న అయితే నీదే పాపం కాకా" అన్నాను. వాకిట్లో నలుగురు విన్నారు. ఆయన తల వంచుకుని, "రేపు డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పు" అని వెళ్లిపోయాడు.

డాక్టరు ఇంకో నెల గడువిచ్చాడు. ఆ నెలలో మా ఆయనకు రెండుసార్లు ఊపిరాడక అంబులెన్స్ పిలవాల్సి వచ్చింది. నడిచినంతసేపూ ఇల్లే గుర్తుకొచ్చేది. కాకా మాత్రం రెండు పూటలా నా పక్కనే నడిచాడు. ఆయన చొక్కా భుజాల మీద వదులుగా వేలాడుతుంటే, "నన్ను దించమంటే నువ్వు దిగుతున్నవేంది కాకా" అన్నాను. "నీ తోడు నడిచి నడిచి" అన్నాడు.

ఆపరేషన్ అయింది. మా ఆయన మళ్లీ పనికి వెళ్తున్నాడు. ఉన్న ఒక్క కిడ్నీ కోసం నేను బరువు పెరగకూడదు కాబట్టి, ఆదివారం కాంటా మానలేదు. ప్రతిసారీ ముందు మీట నొక్కి, ఖాళీ కాంటా చూపించేవాడు. "సున్నా చూసుకుని ఎక్కు బిడ్డా." ఆ రోజు అన్న మాట తప్పని నేను ఎన్నడూ చెప్పలేదు. రోజూ కనిపించే మనిషే కదా, ఎప్పుడైనా చెప్పొచ్చనుకున్నాను.

మొన్న ఆదివారం ఆయన కొడుకు కార్ఖానా తాళం తీశాడు. సుద్దముక్క కోసం వెతుకుతూ స్తంభానికి అవతలి వైపు చూశాను. అక్కడా ఒక వరుస ఉంది. అరవై రెండు, అరవై ఒకటి, యాభై తొమ్మిది. మధ్యలో ఒకటి కొట్టేసి, పక్కనే రెండు కిలోలు పెంచి రాసి ఉంది. నాకు డెబ్బై చూపిన ఆ ఆదివారమే కాకా తన బరువు కూడా ఒక్క వారంలో అంతలా పడిపోయేసరికి కాంటా తప్పు పట్టుకున్నాడన్నమాట. సరిదిద్దిన అంకె కూడా ముందు వారం కంటే తక్కువే. నా బరువు తగ్గుతుంటే వీధంతా సంతోషపడ్డాం. ఆయనది తగ్గుతుంటే ఆయన ఒక్కడే చూసుకున్నాడు.

సున్నా చూసుకుని ఎక్కాను. అరవై తొమ్మిది. ఇవతలి వైపు నా చేత్తోనే రాసుకున్నాను. అవతలి వైపు వరుస నలభై ఆరు దగ్గర ఆగిపోయింది, దాని కింద స్తంభమంతా ఖాళీ.