చేతికివ్వని చాకు

మా చిన్నప్పుడు... నాయిన తోట నుంచి వచ్చి బనీను జేబులోని మడత చాకు తీసి విప్పితే ‘టక్’మని చప్పుడయ్యేది. ఇంట్లో ఏ మూలన ఉన్నా పరుగెత్తుకొచ్చేదాన్ని. ఆ చప్పుడైందంటే తినడానికి ఏదో వచ్చిందనే... జామకాయో, చెరుకుగడో, మామిడికాయో.

శామీర్‌పేట దాటితే అప్పట్లో ఎటు చూసినా ద్రాక్షతోటలే. వాటిలో ఒకదానికి నాయిన మేస్త్రీ. తోట పనికి కత్తెరలు వేరే ఉండేవి కానీ, చాకు మాత్రం ఆయన సొంతం. కొమ్ము పిడి... నూరి నూరి సన్నబడిన అలుగు. దాంతోనే పందిరి తాళ్లు కోసేవాడు, నా పెన్సిలు చెక్కేవాడు. అగ్గిపుల్ల గీసి మొన కాల్చి, కాలిలో ముల్లు తీసేవాడు.

ఎవరడిగినా ఇచ్చేవాడు... చేతికి మాత్రం ఇచ్చేవాడు కాదు. మడిచి కింద పెట్టి, "తీస్కో" అనేవాడు.

చాకు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇచ్చుకుంటే ఆ ఇద్దరి మధ్య పంచాది, అదే తగువు, వస్తుందని మా అవ్వ చెప్పేది. కొంచెం పెద్దయ్యాక నాకిది నవ్వులాటగా ఉండేది. కావాలనే చెయ్యి చాపేదాన్ని. ఆయన నా చెయ్యి చూసి, చాకును నేల మీదే పెట్టేవాడు.

డిగ్రీ అయ్యాక యూనివర్సిటీలో ఎమ్మే సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. పెట్టె, దుప్పటి, బకెట్టు... అన్నీ కొన్నాక నాయిన ఇంకొకటి మిగిలిందన్నాడు. చాకు! ఆడపిల్లకు అదెందుకని అమ్మ గొణిగింది.

"పండు కోసుకోనీకి పక్క రూము పోరిని అడుక్కుంటదా?" అన్నాడు నాయిన.

ఇద్దరం మేడ్చల్ అంగడికి వెళ్లాం. గోనెపట్టా మీద పరిచిన చాకుల్లో చేప ఆకారంలో తళతళలాడేది ఒకటి ఉంది. కన్ను, పొలుసులు, తోక అన్నీ ఉన్నాయి. వెంటనే పట్టుకున్నాను. నాయిన వద్దనలేదు.

"గది నీళ్లల్ల ఈదుతది బిడ్డా... పండు కొయ్యది" అన్నాడు. అమ్మేవాడు కూడా నవ్వాడు.

ఇక నాయిన అక్కడే కూర్చుని ఒక్కో చాకూ విప్పించాడు. గోటితో లాగితే రావాలి, కానీ దానంతటది తెరుచుకోకూడదు. అలుగు పట్టుకుని ఊపితే పిడి కదలకూడదు. మడిచాక అంచు పిడిలో సరిగ్గా మధ్యన పడాలి, పక్కకు రాసుకుంటే పదును పోతుంది. "మెరుపు సూడకు, సప్పుడు ఇను" అన్నాడు. ఒకదాన్ని ఆయన మెచ్చుకుంటే నేనూ తలూపాను. వెంటనే దాన్ని పక్కన పెట్టేశాడు. "నా చేతికి ఒదిగితే నీకేం ఫాయిదా? నీ చెయ్యి సూస్కో."

చివరికి చెక్క పిడిది, చిన్నది, ఏ మెరుపూ లేనిది ఎంచుకున్నాను. చెవి దగ్గర పెట్టుకుని విప్పాను. టక్...

సానరాయి మీద పదును పెట్టి ఇస్తానని దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. బయల్దేరిన రోజు ఆ హడావిడిలో మరిచేపోయాడు. బస్సు కదిలాక గుర్తొచ్చినట్టుంది... పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి నా అరచేతిలో పెట్టేశాడు. పెట్టాక ఆయన ముఖం మారిపోయింది. "చేతికిచ్చిన గదనే..." అన్నాడు. నేను నవ్వుతూ చెయ్యి ఊపాను.

దసరా సెలవులకు వచ్చేసరికి చుట్టుపక్కల తోటలన్నీ ప్లాట్లవుతున్నాయి. మన తోటా పోతుంది, ఇప్పుడే వేరే పని చూసుకో నాయినా అన్నాను. ఆయన మంచికే అన్నాను. కానీ ఆ తీగలను ఆయన మోకాలెత్తు నుంచి పెంచాడు.

"నువ్వు సదివింది నాకు తోట ఇడువుమని చెప్పనీకా?"

అంతే. సెలవులయ్యేదాకా మాట లేదు. తిరిగి వెళ్లేటప్పుడు బస్టాపుకూ రాలేదు. హాస్టల్‌కు ఫోన్ చేస్తే అమ్మే మాట్లాడేది. చాకుతో జామకాయ కోసుకున్నప్పుడల్లా అవ్వ మాట గుర్తొచ్చేది. నమ్మేదాన్ని కాదు... కానీ గుర్తొచ్చేది. ఇక నాయిన నాతో మాట్లాడడేమోనన్న భయం మాత్రం నిజం.

ఎండలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఎవరో వచ్చారంటే కిందికి వెళ్లాను. వేపచెట్టు కింద రాతిబల్ల మీద నాయిన, పక్కన అట్టపెట్టె నిండా ద్రాక్ష.

బాగున్నావా అని కూడా అడగలేదు. "చాకేది?" అన్నాడు.

తెచ్చి ఇవ్వబోయాను. అందుకోకుండా బల్ల వైపు చూపించాడు. పెట్టాను. తీసుకున్నాడు. చెవి దగ్గర విప్పి విన్నాడు, పంచె కొంగుతో తుడిచాడు, మడిచి మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు.

"గా దినం తొందరల చేతికిచ్చిన బిడ్డా. ఇగ మంచిగ తీస్కో."

తీసుకున్నాను. అప్పుడు చెప్పాడు, తోట అమ్మేశారని. ఆ పెట్టెలోవి ఆఖరి గుత్తులు. ఆ చాకుతోనే ఒక్కో గుత్తీ విడదీసి తింటూ కూర్చున్నాం... వార్డెన్ పిలిచేదాకా.

ఆ పట్టింపును ఆయన నిజంగా నమ్మాడో, నాతో మాట కలపడానికి అదొక్కటే దారి దొరికిందో... ఇప్పటికీ తేల్చుకోలేను. అడుగుదామంటే నాయిన లేడు. తోట ఉన్నచోట అపార్ట్‌మెంట్లు. ఒకసారి మాల్ గేటు దగ్గర బ్యాగులోంచి తీసి పక్కన పెట్టమన్నప్పటి నుంచి, ఎక్కడ పోతుందోనని చాకును ఇంట్లోనే ఉంచుతున్నాను. ఇన్నేళ్లూ వెంట తిరిగింది, ఇప్పుడు వంటింటి సొరుగులో ఉంది. అప్పుడప్పుడు మడతలో ఒక చుక్క మంచినూనె వేస్తాను.

మొన్న మా అమ్మాయి యాపిల్ కోసుకోవడానికి అడిగితే బల్ల మీద పెట్టాను. చేతికివ్వొచ్చు కదమ్మా అంది. "తీస్కో" అన్నాను. తీసుకుని విప్పింది.

టక్...

నాయిన తోట నుంచి వచ్చాడనుకున్నాను.

మీ ఇంట్లోనూ ఇలా చేతికివ్వకుండా కింద పెట్టి ఇచ్చేవారు ఎవరైనా ఉండేవారా? చెప్పండి... ఇప్పుడు అన్నీ గుమ్మం దాకా వచ్చి చేతిలోనే పడుతున్నాయి, "తీస్కో" అనే ఆ ఒక్క మాట తప్ప.