కోచ్ అరవని మ్యాచ్ కోసం శాన్ ఆంటోనియో దాకా

టెక్సాస్‌లో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళెవరూ శాన్ ఆంటోనియోకి రైల్లో వెళ్ళరు. కార్లో అయితే అయిదు గంటలు. రైలు పది గంటలు తీసుకుంటుంది, అదీ వేళకి నడిస్తే. "శాన్ ఆంటోనియోకి రైలుందా?" అని మా ఆయన నిజంగానే అడిగారు. పదిహేనేళ్ళుగా ఇక్కడున్నా నాకూ ఆ సంగతి తెలియదు. రైల్లోనే వెళ్ళాలని పట్టుబట్టింది మా కోచ్ జలీల్ గారు.

మా టీమ్ గురించి ముందు చెప్పాలి. మేం తొమ్మిదిమందిమి, అందరం నలభై దాటిన ఆడవాళ్ళం. జట్టుకి ఏడుగురు చొప్పున చిన్న మైదానంలో ఆడే ఫుట్‌బాల్ మాది. నాలుగేళ్ళ కిందట పిల్లల్ని సాకర్ ప్రాక్టీస్‌కి దింపి, వాళ్ళ ఆట అయ్యేదాకా పార్కింగ్ లాట్ చుట్టూ నడుస్తుండేవాళ్ళం. ఒకరోజు పిల్లల కోచ్ కంచె దగ్గరికి వచ్చి, "ఊరికే గుండ్రంగా తిరిగే బదులు లోపలికి రండి, బంతి ఇస్తాను" అన్నారు. ఆయనే జలీల్ గారు. ఇరాక్‌లోని బస్రా నుంచి వచ్చారు. ఒకప్పుడు అక్కడ పేరున్న స్ట్రైకర్, అంటే ముందు వరసలో నిలబడి గోల్స్ కొట్టేవాడు. ఇక్కడ పగలు స్కూల్ బస్ నడుపుతారు, సాయంత్రాలు కోచింగ్ ఇస్తారు.

ఇప్పుడు ఒక కాలేజీ టీమ్‌లో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం ఆయన కోసం ఎదురుచూస్తోంది. దానికి పై స్థాయి కోచింగ్ లైసెన్స్ కావాలి. లైసెన్స్ రావాలంటే ఆయన టీమ్ ఆడే మ్యాచ్ ఒకటి ఎగ్జామినర్ వచ్చి చూడాలి. నిరుడు ఫెయిలయ్యారు. మ్యాచ్ మొదలైనప్పటి నుంచి చివరిదాకా అరుస్తూనే ఉన్నారనీ, ఆడేవాళ్ళని సొంతంగా ఆలోచించనివ్వడం లేదనీ ఎగ్జామినర్ తేల్చారు. అది అబద్ధమని మేం కూడా అనలేకపోయాం. మా దగ్గర ఆయన నేర్చుకున్న తెలుగంతా, "చూడు", "వదులు", "పద పద", "ఆగమ్మా", రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా వినిపిస్తుంది. ఈసారి అదే ఎగ్జామినర్ శాన్ ఆంటోనియోలో, నలభై దాటిన ఆడవాళ్ళ టోర్నమెంట్‌లో మా మ్యాచ్ చూస్తానన్నారు. కోచ్ ఉద్యోగం మా కాళ్ళ మీద ఆధారపడిందని తెలిసి మాకు వారం రోజులు సరిగ్గా నిద్రపట్టలేదు.

నవంబర్ మొదటి శుక్రవారం ఉదయం ఇర్వింగ్‌లో లోకల్ రైలెక్కి అరగంటలో డాలస్ యూనియన్ స్టేషన్‌లో దిగాం. పెద్ద రైలు పన్నెండుకి కాస్త ముందు బయలుదేరింది. రెండంతస్తుల పెట్టె. సీట్లు పైన, బాత్‌రూమ్‌లు కింద. కాళ్ళు చాపుకున్నా ముందు సీటు తగలనంత చోటుంది. టికెట్ ముందుగా బుక్ చేసుకుంటే పెట్రోల్ ఖర్చుతో సమానమే. కాఫీలు అమ్మే పెట్టెలో దొరికేవి బర్గర్లు, చిప్సూ. ఇంటి నుంచి ఏదైనా తెచ్చుకోవడం మంచిది. మా గోల్‌కీపర్ పద్మక్క గుంటూరు మనిషి. ఊరంతటికీ సరిపోయేలా పులిహోర, చపాతీలు, ఆలూ కూర తెచ్చింది.

ఫోర్ట్ వర్త్‌లో రైలు చాలాసేపు ఆగింది. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ మా పక్క వరసలో కూర్చుని ఊలు అల్లడం మొదలుపెట్టింది. పద్మక్క ఊరుకోలేదు, ఆవిడకీ ఒక ప్లేట్ అందించింది. ఆవిడ ఒక ముద్ద తిని, కళ్ళు తుడుచుకుని, "మీరు దీన్ని మామూలుగానే తింటారా?" అంది. "ఇది పిల్లలు కూడా తినేటట్టు కారం తగ్గించి చేసినదండీ" అంది పద్మక్క. ఆవిడ ప్లేట్ మాత్రం ఖాళీ చేసే ఇచ్చింది.

క్లిబర్న్ దాటాక ఊళ్ళు పలచబడ్డాయి. రెండు వైపులా ఎండిన గడ్డి, అక్కడక్కడా ఆవులు, ముళ్ళకంచెలు. వరంగల్ నుంచి వచ్చిన కవిత మా ముందు వరస ప్లేయర్. ఏదీ మనసులో దాచుకోదు. "కోచ్, అసలు రైలెందుకు? కార్లల్ల పోతే ఈ పాటికి హోటల్‌ల పండుకుంటుంటిమి కదా" అని ఇంగ్లీషు, తెలుగు కలిపి అడిగేసింది.

ఆయన నవ్వారు. ఆయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని నా తెలుగులో రాస్తున్నాను. "నాలుగు కార్లలో వెళ్తే నాలుగు కుటుంబాలు వెళ్ళినట్టు. మా క్లబ్ బస్రా నుంచి బాగ్దాద్‌కి రైల్లోనే వెళ్ళేది. రాత్రంతా ప్రయాణం. ఎవరు గురకపెడతారో, ఎవరు భయపడతారో, ఎవరు తమ రొట్టెలో సగం ఇస్తారో రైల్లోనే తెలుస్తుంది. మైదానంలో బంతి ఎవరికి ఇవ్వాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు."

ఆ మాట మీద ఆయన కథ మొదలైంది. నాలుగేళ్ళలో ఆయన తన గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. వాళ్ళ నాన్న ఓడరేవులో పనిచేసేవారట. గోడౌన్ల వెనక సిమెంటు నేల మీద చెప్పుల్లేకుండా ఆట నేర్చుకున్నారు. పదిహేడేళ్ళకి రేవు క్లబ్‌లో చేరారు. బాగ్దాద్‌లో ఆడిన మొదటి మ్యాచ్‌లో తలతో గోల్ కొడితే, తిరుగు రైల్లో పెద్ద ఆటగాళ్ళు ఆయనకి కిటికీ పక్క సీటు ఇచ్చారట. "అప్పట్లో అదే మాకు మెడల్" అన్నారు. దేశంలో మంచి బూట్లు దొరకని రోజులు. ఇద్దరు స్ట్రైకర్లు ఒకే జత వేసుకునేవాళ్ళట. ఒకరు బయటికి రాగానే విప్పి రెండోవాళ్ళకి ఇవ్వాలి. తర్వాత దేశం జట్టు క్యాంప్‌కి పిలుపొచ్చింది.

"ఒకసారి పరాయి దేశంలో ఆడాం. పెనాల్టీ నాకిచ్చారు. బయటికి కొట్టాను. ఓడిపోయాం" అని ఆగారు. ఊలు అల్లుతున్న ఆవిడ చేతులు కూడా ఆగాయి. "బాగ్దాద్‌లో విమానం దిగాక బస్సెక్కించారు. ఇళ్ళకి అనుకున్నాం. ఆ బస్సు జైలుకి వెళ్ళింది. ఆటని నడిపే పెద్దల ఆర్డర్. తలలు గొరిగారు. రెండు వారాలు. మా అమ్మ బస్రాలో చేపలు వండి కూర్చుంది. నేనెక్కడున్నానో ఆమెకి ఎవరూ చెప్పలేదు."

పద్మక్క ఆయన చేతిలోని ఖాళీ ప్లేట్ తీసుకుని ఇంకాస్త పులిహోర పెట్టింది.

ఆ తర్వాత కూడా ఆయన ఏళ్ళ తరబడి ఆడారు, గోల్స్ చాలా కొట్టారు. కానీ కొట్టినవి గుర్తుండేవి కావట, తప్పినవే గుర్తుండేవట. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసి జోర్డాన్ వెళ్ళి, అక్కడ వలసవచ్చిన పిల్లలకి బడి వెనక స్థలంలో నేర్పడం మొదలుపెట్టారు. భార్య సుఆద్‌తో కలిసి టెక్సాస్ వచ్చింది ఆ తర్వాత. "పిల్లలకి నేర్పుతున్నప్పుడే నాకు ఆట మీద ఇష్టం తిరిగొచ్చింది. కానీ మ్యాచ్ మొదలవగానే నోరు ఆగదు. నేను అరవకపోతే మీకేదో జరుగుతుందని నాకిప్పటికీ అనిపిస్తుంది."

"మాకేమైతది కోచ్?" అంది కవిత. "ఓడిపోతే బిర్యానీ తిని పంటం."

ఆయన నవ్వినంతగా మేమెవరం నవ్వలేదు. టెంపుల్ అనే ఊళ్ళో పెద్దావిడ దిగుతూ ఆయన భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. ఆస్టిన్ దగ్గర చీకటిపడింది. పదిగంటలకి శాన్ ఆంటోనియోలో దిగి, స్టేషన్‌కి దగ్గరలోనే ఉన్న హోటల్‌కి నడిచి వెళ్ళి పడుకున్నాం.

శనివారం పదిన్నరకి మ్యాచ్. పార్కులో ఓక్ చెట్ల పక్కన మైదానం. ఆకాశం తేటగా ఉంది, ఎండ హాయిగా ఉంది. మాతో ఆడేది స్థానిక నర్సుల టీమ్. ఎగ్జామినర్ లిండా గారు అరవయ్యేళ్ళ పొడవాటి మనిషి. ఒక మడత కుర్చీ తెచ్చుకుని మా కోచ్‌కి పది అడుగుల దూరంలో కూర్చున్నారు.

మొదటి సగం మాకు బాగా సాగలేదు. నర్సులు గట్టివాళ్ళు, ఉరుకుల మనుషులు. ఒక గోల్ తిన్నాం. ఇంకాసేపటికి ఒక మెల్లటి బంతి పద్మక్క కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఆమె గబుక్కున కోచ్ వైపు చూసింది. అందరం చూశాం. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. దవడ బిగిసి ఉంది. నోరు తెరిచారు, మళ్ళీ మూశారు. తర్వాత చేతులు ముందుకి తెచ్చి పద్మక్క కోసం రెండుసార్లు చప్పట్లు కొట్టారు, అంతే. ఆయన గొంతు లేని మైదానం మాకు కొత్తగా ఉంది. పక్క మైదానంలో ఎవరో ఈల వేస్తే ఉలిక్కిపడ్డాం.

విరామంలో నీళ్ళు తాగుతూ చుట్టూ చేరాం. తిడతారనుకున్నాం. ఆయన గడ్డి మీద కూర్చుని, "ఏం చూశారు?" అని అడిగారు. అంతవరకూ ఆయన మమ్మల్ని ఆ మాట అడిగినవారు కారు. కవిత అంది: "వాళ్ళ ఎడమ దిక్కు ఎర్ర రిబ్బన్ ఆమె ఉంది చూడుండ్రి. బంతి ఎటున్నా లోపలికే ఉరుకుతున్నది. ఆమె ఎనక మూలంత ఖాళీ."

అది నేనూ చూశాను, కానీ ఆయన చెప్తారులే అని ఊరుకున్నాను. "అయితే నేనక్కడికి వెళ్తాను" అన్నాను.

"నేను బంతి దొరకగానే అటే విసిరేస్తా శైలూ, నువ్వు చూసుకో" అంది పద్మక్క.

కోచ్ ఒక్కొక్కరి మొహంలోకీ చూసి, "సరే" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

రెండో సగంలో పదినిమిషాలకి అది జరిగింది. పద్మక్క బంతి అందుకుని, చూడకుండానే ఆ మూలకి విసిరింది. నేను పరుగెత్తాను. గీత దగ్గర బంతిని అందుకుని లోపలికి తన్నాను, తన్నిన ఊపుకి పడిపోయాను. గోల్ నేను చూడనేలేదు. గడ్డిలో మొహం ఉండగా కవిత "కొట్టిన! కొట్టిన!" అనడం వినిపించింది. తర్వాత అందరూ వచ్చి నా మీదే పడ్డారు. కోచ్ ఉన్నచోటనే ఉండి, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డారు.

సమం చేసే అవకాశం నాకే వచ్చింది. ఆట ముగిసేముందు, గోల్ ఎదురుగా, బంతి నా కాలి దగ్గర, ఎవరూ లేరు. గోల్ పైనుంచి అవతలికి కొట్టేశాను. బంతి ఓక్ చెట్లలో పడింది. రిఫరీ ఈల వేసింది. రెండు ఒకటితో ఓడిపోయాం, టోర్నమెంట్ మాకు అక్కడితో అయిపోయింది.

నేను నేరుగా కోచ్ దగ్గరికి వెళ్ళి, "సారీ, కోచ్" అన్నాను.

"ఎందుకు సారీ? బంతి వచ్చే చోట నువ్వున్నావు. తన్నడం వచ్చే వారం నేర్పుతాను. ఆ చోటికి వెళ్ళడమే కష్టం, అది నీ అంతట నువ్వే వెళ్ళావు" అన్నారు.

లిండా గారు కుర్చీ మడిచి మా దగ్గరికొచ్చారు. "ఆ మూలకి వెళ్ళమని ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఎనిమిదిమందిమీ కవితని చూపించాం. కవిత మొదటిసారి సిగ్గుపడింది. ఫలితం సాయంత్రం ఫోన్‌లో చెప్తానన్నారు లిండా గారు.

మధ్యాహ్నం హోటల్లో స్నానాలు చేసి, నది ఒడ్డున నడక దారి చూడటానికి వెళ్ళాం. ఊరి మధ్యలో, వీధి మట్టానికి కిందగా సన్నటి నది, రెండు వైపులా చెట్లు, హోటళ్ళు, మెల్లగా సాగే పడవలు. వెళ్ళేవాళ్ళు సాయంత్రం నాలుగింటికి వెళ్ళండి, జనం తక్కువ. వంతెన దగ్గర కాఫీ తాగుతుండగా కోచ్ ఫోన్ మోగింది. ఆయన లేచి నాలుగడుగులు అవతలికి వెళ్ళి విన్నారు. "థాంక్యూ" అన్నారు. మళ్ళీ "థాంక్యూ" అన్నారు. వెనక్కి తిరిగేసరికి కళ్ళల్లో నీళ్ళు. "పాస్" అన్నారు. పద్మక్క పెట్టిన కేకకి కింద పడవలో వాళ్ళు తలెత్తి చూశారు. ఆయన వెంటనే సుఆద్ గారికి ఫోన్ చేశారు. అరబ్బీలో ఏం చెప్పారో తెలియదు. అవతల ఆవిడ నవ్వు మాత్రం మా అందరికీ వినిపించింది. రాత్రికి కవిత మాట నిలబెట్టుకుంటూ బిర్యానీయే తిన్నాం.

తిరుగు రైలు ఆదివారం ఉదయం ఏడింటికి. స్టేషన్‌కి ముందే వెళ్తే కలిసి కూర్చునే సీట్లు దొరుకుతాయి. ఒళ్ళు నొప్పులతో ఆస్టిన్ దాకా అందరం నిద్రపోయాం. లేచాక మిగిలిన చపాతీలు తిన్నాం, అంత్యాక్షరి పాడాం. కోచ్ చప్పట్లతో తాళం వేశారు, ప్రతిసారీ తప్పుగానే. ఈ మార్గంలో గొప్ప కొండలూ జలపాతాలూ లేవు. గడ్డి, ఆవులు, చిన్న స్టేషన్లు, చెయ్యి ఊపే మనుషులు ఉంటారు. తొందరపడేవాళ్ళకి ఈ రైలు పనికిరాదు. పక్కవాళ్ళ కథ వినడానికి ఇంతకన్నా మంచి చోటు టెక్సాస్‌లో నాకు తెలియదు.

ఫోర్ట్ వర్త్‌లో రైలు ఆగితే కాళ్ళు సాగదీసుకోవడానికి ప్లాట్‌ఫామ్ మీదికి దిగాం. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన మా ఒకే రంగు టీ షర్టులూ, మా నవ్వులూ చూసి దగ్గరికొచ్చారు. "ఏదో గెలిచి వస్తున్నట్టున్నారు?" అని కోచ్‌ని అడిగారు.

"లేదండీ" అన్నారు జలీల్ గారు. "ఓడిపోయాం. ఇంటికి వెళ్తున్నాం."

ఆ మాట అంత సంతోషంగా ఎందుకన్నారో పెద్దాయనకి అర్థం కాలేదు. కండక్టర్ ఎక్కమని పిలిచారు. మేం ఎక్కేదాకా ఆగి, కోచ్ చివరన ఎక్కారు. డాలస్ వచ్చేదాకా మేం ఆయన కోసం వదిలిన కిటికీ పక్క సీట్లోనే కూర్చున్నారు.