పద్దెనిమిదో శతాబ్దంలో నా వంట

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేదని మావారు ఇప్పటికీ అంటారు. ఉండదా మరి? కొత్తగా అమెరికాలోని ఆష్‌బర్న్ వచ్చాను, ఆయన వీసాకు తోకలాగా. నేను జీతానికి పని చేస్తే నేరం, ఊరికే చేస్తే సేవ. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక దగ్గర్లోని పాతకాలపు పల్లె మ్యూజియంలో వాలంటీర్‌గా చేరాను. నేను గడప దాటేది అక్కడికే, నన్ను పేరు పెట్టి పిలిచే మనుషులు ఉన్నదీ అక్కడే.

ఎవరో ఒకావిడ పోతూ పోతూ రాసిచ్చిన పొలం అది. ఇంకెక్కడో కూలగొట్టబోతున్న పాత ఇంటిని ఊరివాళ్ళు చందాలేసుకుని కొని, చెక్క చెక్కకీ నంబరు వేసి విప్పి, లారీల్లో తెచ్చి మళ్ళీ బిగించారు. కంచె అవతల డేటా సెంటర్ల హోరు (మావారు ఆ హోరులోనే పనిచేసేవారు), ఇవతల అమెరికా పుట్టిన కాలంనాటి రైతు కుటుంబం వేషాల్లో మేము. మమ్మల్ని నడిపే ఆయన మూడు మూలల టోపీ పెట్టుకునేవాడు కాబట్టి నాకాయన టోపీ దొర. గౌను తొడుక్కున్నాక ఆ కాలం దాటి ఒక్క మాట మాట్లాడకూడదన్నది ఆయన రూలు.

పొద్దున్నే కట్టెల పొయ్యి ముట్టించి చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె వండేదాన్ని. జనం వచ్చి, వాసన పీల్చి, ఫొటో తీసుకుని పోయేవారు. తినకూడదు. హెల్త్ డిపార్ట్‌మెంట్ ఒప్పుకోదట. సాయంత్రానికి అంతా చెత్తబుట్టలోకి. పోనీ పందులకు వేద్దామంటే, అవి అరుదైన జాతివట, వాటికి డైట్ ఉందట. (నాకు లేదు కానీ పందులకు ఉంది.) అదే ఆవరణలో గడ్డికొట్టాన్ని పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చి, బయటి వంటలతో ఊరందరికీ పెట్టించేవారు. మ్యూజియం బతికేదే ఆ అద్దె మీద. నేను వండింది మాత్రం విషం.

ఓ శనివారం కొడుకుతో ఒక పెద్దావిడ వచ్చింది. గౌను తొడుక్కున్నా నా మొహం ఎక్కడ దాచను? "ఏమ్మా, మీదేవూరు?" అంది. నేను రూలు ప్రకారం ఇంగ్లీషులో, "రండి, ఈ ఏడు మొక్కజొన్న బాగా పండింది" అన్నాను. ఆవిడ కొడుకు వైపు తిరిగి, "తెలుగు పిల్లేరా. ఇంత వంట ఎదురుగా పెట్టుకుని, గుమ్మంలోకొచ్చిన మనిషిని తిన్నావా అని కూడా అడగట్లేదు. ఎవరు పెంచారో" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నది మా అమ్మను కదా. "కూర్చోండి పిన్నిగారూ" అని పళ్ళెంలో వడ్డించాను. వెనకున్న అమెరికన్లూ చేతులు చాచారు, వాళ్ళకీ పెట్టాను. "ఉప్పు తగ్గిందమ్మా" అంది ఆవిడ, మారు వడ్డించుకుంటూ.

టోపీ దొర పరుగెత్తుకొచ్చాడు. "ఎవరికైనా జబ్బు చేస్తే మ్యూజియం మూసెయ్యాలి, తెలుసా?"

"ఆ రోజుల్లో రైతు ఇంటికొచ్చిన వాళ్ళను పస్తు పంపేవాడా? మీకు కావలసింది చరిత్రా, ఫొటోలా?" అన్నాను.

ఆయన కోటు జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, వచ్చినవాళ్ళకు తిండి పెట్టొద్దన్న ఇన్సూరెన్స్ వాళ్ళ మెయిల్ చూపించాడు. (కాలం దాటింది ఎవరు?) తర్వాత గౌను ఇచ్చేసి వెళ్ళమన్నాడు. జీతం లేని ఉద్యోగం కూడా ఊడింది. పార్కింగ్ లాట్‌లో మావారి కార్ కోసం చూస్తూ ఏడ్చాను. బాధతో కాదు, ఒళ్ళుమండి. ఇక ఇంట్లోంచి ఎక్కడికి పోవాలో తెలియక కూడా.

మొన్న చలికాలం ముందు మళ్ళీ వెళ్ళాను. పొయ్యిలో ఎర్రబల్బు, కుండలో ప్లాస్టిక్ గింజలు. ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది. గౌనులో ఉన్న అమెరికన్ అమ్మాయి నవ్వి, "ఈ ఏడు మొక్కజొన్న బాగా పండింది" అంది.

"నువ్వు తిన్నావా?" అని అడిగాను.

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, "లేదు, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు" అంది గొంతు తగ్గించి.

నా బ్యాగులో పులిహోర డబ్బా ఉంది. ఆ పిల్ల ప్లాస్టిక్ గింజల కుండ చాటున కూర్చుని తింటుంటే, టోపీలెవరైనా వస్తారేమోనని నేను గుమ్మంలో కాపలా నిలబడ్డాను.