ఆయనకిద్దామని దాచుకున్న కిడ్నీ

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని నాది. ఒకరోజు పనిలో చెమట తుడుచుకుంటుంటే ఎడమ రొమ్ములో జీడిపిక్కంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. ఇంట్లో అప్పటికే పెద్ద రోగం ఉంది. మా ఆయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయన్ని తిప్పడంలోనే మూడు నెలలు గడిచాయి.

గడ్డ పెరిగాక విశాఖ వెళితే, బయాప్సీ చేసి క్యాన్సరన్నారు. తర్వాత ఆపరేషన్, కీమో. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని వచ్చింది. డాక్టరమ్మ విడమర్చి చెప్పారు: "మీ ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజన్ వెళ్లి క్యాన్సర్ కణాల్లోని రిసెప్టర్లకి అతుక్కుంటుందమ్మా. అప్పుడవి పెరుగుతాయి. ఈ టామోక్సిఫెన్ ఆ చోటు ముందే ఆక్రమిస్తుంది. ఐదేళ్లు మానకూడదు."

నా ఒళ్లే దానికి మేత వేస్తోందట! ఇక ఎవరిని తిట్టను?

కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో మాత్ర అంటేనే హడల్. నొప్పుల మాత్రలు మింగే కిడ్నీలు పాడయ్యాయని ఇంటింటా అంటారు. మా ఇద్దరి బ్లడ్ గ్రూపూ ఒకటే. ఒక కిడ్నీ ఆయనకివ్వాలని నా ఆశ. ఐదేళ్లు మాత్రలు మింగితే అదీ పాడైపోదా? నా తెలివి తెల్లారినట్టే ఉంది. రోజూ ఒక మాత్ర తీసి పెరట్లో కొబ్బరి మొదట్లో పారేసేదాన్ని.

"మాత్ర ఏసుకున్నావేటే?" అనేవాడాయన.

"ఏసుకున్నాను మావా."

పది నెలలకి నడుం నొప్పి మొదలైంది. స్కాన్‌లో ఎముకలకి పాకిందని తేలింది. దాచలేక డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

"ఆ మాత్రకి కిడ్నీలు పాడవవమ్మా. అయినా మీకీ జబ్బు వచ్చాక మీ కిడ్నీ ఎవరూ తీసుకోరు."

"మానకపోతే ఇది వచ్చేది కాదా అమ్మా?"

"చెప్పలేం."

ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. పక్కనే కూర్చున్న మా ఆయన ఏడ్చేశాడు. "నీ కిడ్నీ నానడిగేనేటే? నువ్వుంటే సాలనుకున్నాను గదే!"

ఇప్పుడు నెలకో ఇంజెక్షన్, రోజూ లెట్రోజోల్ మాత్ర. ఈస్ట్రోజన్ తయారవకుండా చూస్తాయట. "అదుపులో పెట్టగలం, పూర్తిగా తీసెయ్యలేం" అన్నారు. ఎన్నాళ్లో అడగడానికి ధైర్యం చాలలేదు. పొద్దున్నే ఆయనే మాత్ర తెచ్చి, మింగాక నోరు తెరవమంటాడు. "ఏదీ, నాలిక ఎత్తు, సూడనీ." నోరు మూసుకుని తెరుస్తాను. కోప్పడే హక్కు నాకెక్కడిది?

మీకూ ఏదైనా మాత్ర మానాలనిపిస్తే, ఎందుకనిపించిందో కూడా డాక్టరుకి చెప్పండి. ఎంత పిచ్చి కారణమైనా సరే. మాత్ర రాసిచ్చిన రోజే నేను అడిగి ఉంటే, నా కిడ్నీ ఆయనకి పనికిరాదన్న మాట ఆ రోజే వినేదాన్ని. ఏడ్చుకుంటూ అయినా మాత్ర మింగేదాన్ని.