కొండకు వాన పడని వైపు

ఇవాళ సాయంత్రం నాలుగింటికి తాయిఫ్‌లో వాన మొదలైంది. ముందు మట్టివాసన వచ్చింది, ఆ తర్వాత షెడ్డు రేకుల మీద చినుకుల చప్పుడు. ఆఫీసులో వాళ్లంతా వీడియోలు తీయడానికి ఫోన్లు పట్టుకుని బయటికి పరుగెత్తారు. నేను మాత్రం పెరట్లో వాన కొలిచే గొట్టం నిటారుగా ఉందో లేదో చూడటానికి వెళ్లాను. వాన పడితే సంతోషించడం కంటే ముందు దాన్ని కొలవాలన్న ఈ పిచ్చి నాకు అంటించింది రఫాయెల్ సార్. అరవై దగ్గరపడిన పొట్టి మనిషి, మెడ చుట్టూ ఎప్పుడూ ఒక తడి తువ్వాలు. ఆయనది ప్యూర్టో రికో. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు అదేదో బిస్కెట్ల కంపెనీ అనుకున్నాను.

అప్పట్లో మేం రియాద్‌కి ఉత్తరాన, ఎడారిలో ఉన్న హఫర్ అల్ బాతిన్‌లో ఉండేవాళ్లం. ఆయన రోడ్డు పనికి ఇంజనీరు, నేను ఆయన పికప్ నడిపే డ్రైవర్‌ని. ఆ ఊరు ఒక పెద్ద ఎండువాగులో ఉంది. ఏడాదంతా దుమ్మే గానీ, గట్టి వాన ఒక్కటి పడితే చాలు, రోడ్లు కొట్టుకుపోతాయి. కల్వర్టులు ఎంత వెడల్పు కట్టాలో తెలియాలంటే వాన లెక్క కావాలని సార్ క్యాంపులో ఒక గొట్టం పాతారు. రోజూ ఉదయం ఏడింటికి వంగి అందులోకి చూసి, పుస్తకంలో సున్నా వేసేవారు. నెలల తరబడి సున్నాలే. మా క్యాంపులో వంట చేసే ఖాదర్ మామది ప్రొద్దుటూరు. ఆయన గరిటె పట్టుకుని నవ్వేవాడు. "ఏమబ్బీ మస్తాన్, మీ సారుకు ఏమన్నా పిచ్చా? ఈడ లేని వానను రోజూ కొలిచేదేంది?"

నాకూ అదే అనుమానం. ఒకరోజు అడిగేశాను. సార్ పికప్ బానెట్ మీది దుమ్ములో వేలితో ఒక పొడుగాటి పెట్టె గీశారు. అదే ఆయన దీవి. మధ్యలో తూర్పు నుంచి పడమరకు కొండల వరస. పైన, ఉత్తరం ఒడ్డున శాన్ హువాన్, దాని పక్కనే తూర్పున ఎప్పుడూ తడిసి ఉండే అడవి. కొండల్లో కాఫీ తోటల ఊళ్లు. కింద, దక్షిణాన పోన్సే. దానికి పడమరగా వేలితో ఒక చుక్క పెట్టి, "ఇది మా ఊరు. ఇక్కడ మాత్రం నాగజెముడు పెరుగుతుంది" అన్నారు. నేను నమ్మలేదు. "సముద్రం మధ్యలో ఉండి వాన లేకపోవడం ఏంటి సార్?" అన్నాను.

"గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. మబ్బులన్నిటినీ ఆ కొండలే పిండేసుకుంటాయి. మాకు మిగిలేది వట్టి గాలి" అన్నారు. మాది కదిరి దగ్గర పల్లె. మా వైపు రావలసిన మబ్బులు కూడా పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోతాయని బడిలో చెప్పారు. ఆ మాట నా వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే ఆయన పెద్దగా నవ్వి నా భుజం తట్టారు. "అయితే మనిద్దరం కొండకు ఒకే వైపు వాళ్లం, మస్తాన్." పదేళ్లుగా నన్ను డ్రైవర్ అని పిలిచినవాళ్లే గానీ, తనతో కలిపి 'మనం' అన్నవాళ్లు ఆ దేశంలో అంతవరకు ఎవరూ లేరు.

ఆ తర్వాత ఆయన మూడు వారాల సెలవు మీద ఊరికి వెళుతూ పుస్తకం నా చేతిలో పెట్టారు. "నేనొచ్చేదాకా సరిగ్గా రాయి. నీ ఇఖామా కార్డులో పనిని డ్రైవర్ నుంచి టెక్నీషియన్‌గా మార్చమని కంపెనీకి ఉత్తరం రాస్తాను" అన్నారు. అప్పటికి నాకు నలభై నిండబోతున్నాయి. జీవితమంతా స్టీరింగు వెనకే గడిచిపోతుందా అన్న దిగులు నన్ను తినేస్తున్న రోజులవి. అయినా ఏం చేశాను? ఒక గురువారం రియాద్ వెళ్లే బండి దొరికింది. అక్కడి బతా బజారులో మనవాళ్లను కలవాలని, బిర్యానీ తినాలని ఆశ. ఎలాగూ పడేది లేదు కదా అని, శుక్ర శనివారాల సున్నాలు ముందే వేసేసి బండెక్కాను.

శనివారం తిరిగొచ్చేసరికి ఖాదర్ మామ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "నిన్న మజ్జాన్నం ఎంత వాన కొట్టిందో తెల్సునా! మీ గొట్టంలో నీళ్లు నిలిచింటే మన పుదీనాకు పోసినా లే" అన్నాడు, నాకేదో సాయం చేసినట్టు. రెండేళ్లలో అదొక్కటే గట్టి వాన. అది పుదీనా పాలైంది. ఆ సున్నా కొట్టేయడానికి నాకు ధైర్యం చాల్లేదు.

సార్ వచ్చిన మొదటి రోజే కల్వర్టు గోడ మీద ఆరిన బురద చార చూశారు. పుస్తకం తెరిచారు. ఆయన అడిగేదాకా ఆగకుండా మొత్తం చెప్పేశాను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నా సున్నాను రబ్బరు పెట్టి నెమ్మదిగా చెరిపి, ఆ గడి అలాగే వదిలేశారు. "చూసి, ఏమీ లేకపోతే సున్నా. చూడకపోతే ఖాళీ. రెండూ ఒకటి కాదు" అన్నారు. ఆ ఏడాది ఉత్తరం రాయలేదు. ఇంకో ఏడాదంతా పొద్దున్నే తన పక్కన నిలబెట్టి నాతోనే గొట్టం చదివించి, అప్పుడు రాశారు. నేనిప్పుడు తాయిఫ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నానంటే ఆ ఖాళీ గడి వల్లే.

ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా తన దీవికి వెళ్లిపోయాక ఆయన తన ఇంటి డాబా మీద ఒక గొట్టం పెట్టుకున్నారు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆయన అంకెలు నాకు, నావి ఆయనకు. నా పుస్తకంలో రెండు గడులు గీశాను, ఒకటి తాయిఫ్‌కి, ఒకటి ఆయన ఊరికి. పోయిన ఏడాది వాళ్ల దీవి మీద పెద్ద తుఫాను విరుచుకుపడింది. వాన పడని వైపు కూడా మునిగిందని వార్తల్లో చూశాను. ఆనాటి నుంచి నేను పంపే మెసేజీలకు ఒక్క టిక్కే పడుతోంది, అవి ఆయనకు చేరడం లేదు. ఫోన్ చేస్తే మోగదు. మొన్న ఖాదర్ మామ ఫోన్లో జాలిగా అన్నాడు, "ఇంగ ఆ మనిషి లేడనుకో అబ్బీ. ఎన్నాళ్లని ఎదురుచూస్తావు?" నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ తడి తువ్వాలు, బానెట్ మీది ఆ వేలు ఇంకొక్కసారి చూడాలని ఎంత బెంగగా ఉందో మామకేం చెప్పను?

వాన ఆగాక గొట్టం దగ్గరికి వెళ్లి వంగి చూశాను. పదకొండు మిల్లీమీటర్లు. పుస్తకం తెరిచి తాయిఫ్ గడిలో పదకొండు వేశాను. పక్క గడిలో సున్నా వేయలేదు. నేను చూడలేదు కదా, ఖాళీగానే వదిలాను.