బీడీల చాట ముందు పుట్టిన కథ

మా పెద్దవ్వ కథ చెబితే వినేవాళ్లు ఆమెకు బీడీలు ఇచ్చేవాళ్లు. తాగడానికి కాదు. కథలో పడితే ఆమె చేతులు ఆగిపోయేవి. సాయంత్రం కార్ఖానాలో అప్పజెప్పాల్సిన బీడీలు తక్కువ పడేవి. అందుకని చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు తాము చుట్టిన వాటిలోంచి తలా కొన్ని తీసి ఆమె చాటలో వేసేవాళ్లు.

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో చిన్న ఊరు మాది. పెద్దవ్వ మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. మా అవ్వకంటే, అంటే మా అమ్మకంటే, వయసులో పెద్దది కాబట్టి వాడకట్టంతా ఆమెను పెద్దవ్వ అనే పిలిచేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె ఇంటి ముందు రేకుల నీడలో వెడల్పాటి అరుగు ఉండేది. పొద్దుటి వంటలు కాగానే ఆడవాళ్లంతా చాటలు, తడిపిన తునికాకు, తంబాకు, దారపు ఉండలు పట్టుకుని అక్కడికి చేరేవాళ్లు. ఇంటర్ చదువుతున్న రోజుల్లో, సెలవులొస్తే నేనూ మా అవ్వ పక్కన ఒక చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. నేను చుట్టిన బీడీల మూతులు విచ్చుకునేవి. అవ్వ వాటిని మాట్లాడకుండా తీసుకుని మళ్లీ మడిచేది.

పెద్దవ్వకు చదువు రాదు. పాత కథలు కూడా ఆమె పెద్దగా చెప్పేది కాదు. "ఇయ్యాల ఏం చెప్పాలె?" అని మమ్మల్నందరినీ ఒకసారి పరకాయించి చూసేది. ఒకరోజు ఒకామె తొందరలో రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు వేసుకొచ్చింది. మేం నవ్వాం. పెద్దవ్వ నవ్వలేదు. ఒక కాలు తల్లిగారింటికి, ఒక కాలు అత్తగారింటికి లాగే ఒక ఆడమనిషి కథ ఎత్తుకుంది. అది అయిపోయేసరికి పొద్దు వాలింది, చెప్పులు మార్చుకొచ్చినామె ముక్కు చీదుకుంటోంది.

"గీ కత నీకేడ దొరికింది పెద్దవ్వా?" అని అడిగాను.

"గీడనే పడి ఉన్నది బిడ్డా. మీరంత తొక్కుకుంట వచ్చిండ్రు" అంది.

కథ బాగుందో లేదో నాకు కత్తెర్ల చప్పుడును బట్టి తెలిసేది. కథ పట్టు మీద ఉంటే ఆకు కత్తిరించే చప్పుడు మెల్లగా సన్నగిల్లేది. పట్టు తప్పితే చకచకా మొదలయ్యేది. అప్పుడు ఎవరో ఒకరు "ఉప్పు తక్కువైంది పెద్దవ్వా" అనేవాళ్లు. ఆమె కోపం తెచ్చుకునేది కాదు. "ఆగుండ్రి, ఏస్త" అనేది.

ఆ ఏడాది మా వాడకట్టుకు కొత్త కోడలు వచ్చింది. వరసకు నాకు వదిన. పెళ్లయిన కొద్ది నెలలకే అన్న దుబాయి పోయాడు. ఇంట్లో చూపు ఆనని ముసలి అత్త, వదిన మిగిలారు. దుబాయిలో శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు అన్న కిరాణా కొట్టు ఫోనుకు చేసేవాడు. వదిన తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని పోయి కొట్టు ముందర నిలబడేది. ఫోను రాగానే అందరికీ వీపు తిప్పి గోడ వైపు మాట్లాడేది. వచ్చేటప్పుడు ఆమె ముఖం చూస్తే మాకు కూడా నవ్వొచ్చేది.

తర్వాత ఒక శుక్రవారం ఫోను రాలేదు. ఆ మరుసటి వారమూ రాలేదు. మొదట్లో అందరూ అడిగేవాళ్లు. పోను పోను అడగడం మానేశారు. వదిన అరుగు మీదికి వచ్చేది, ఒక మూలకు కూర్చునేది, చుట్టేది. మాట ఉండేది కాదు. ఆమె చుట్టినవి చాలావరకు కార్ఖానాలో పక్కన పడేసేవాళ్లు.

అట్లాంటి రోజుల్లో పెద్దవ్వ ఒక పెద్ద కథ మొదలుపెట్టింది. ఆమె తల్లిగారిది ఉట్నూర్ దగ్గరి పల్లె. ఆ కథలోకి అడవి, గుట్టలు, జనం కిక్కిరిసిన జీపులు వచ్చాయి.

"అడవిల రోడ్డు పడుతున్నది. గా పనికి ఒక మనిషి పోయిండు. అంగడి రోజు జీపు డ్రైవర్‌తోటి పెండ్లానికి ముచ్చట అంపేటోడు. మంచిగున్న, బువ్వ తింటున్న, ఫికర్ జెయ్యకు అని. ఒక అంగడికి జీపొచ్చింది, ముచ్చట రాలే."

కత్తెర్లన్నీ ఒక్కసారే ఆగాయి. అది ఎవరి కథో అందరికీ అర్థమైంది. మా అవ్వ పెద్దవ్వ వైపు కళ్లతోనే వద్దన్నట్టు చూసింది. వదిన తల ఎత్తలేదు. పెద్దవ్వ చెప్పుకుంటూ పోయింది. అడవి అంచు పల్లెలో ఆ ఆడమనిషి ప్రతి వారం అంగడి రోజున జీపు కాడికి పోయి నిలబడటం, డ్రైవరు ఆమెను చూడనట్టు టైరు తంతూ ఉండటం, ఆమె ఖాళీ సంచితో ఇంటికి రావడం. మూడో రోజుకు కూడా కథ అక్కడే తిరుగుతోంది.

వదిన చాట కింద పెట్టింది.

"గా మనిషి ఎప్పుడొస్తడు పెద్దవ్వా?"

"నాకేమెరుక బిడ్డా? నేనింక అడవిలకు పోనే లేదు."

"గామె పోతదా మరి?"

"ఏమో. గామె కూసున్నది."

"గామె గట్ల కూసోదు" అంది వదిన. గొంతు గట్టిగా వచ్చింది. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. "జీపెక్కుతది."

పెద్దవ్వ తన చాట ఒళ్లోకి లాక్కుంది. ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. "ఎక్కి? యాడ దిగుతది?" అంది, తల ఎత్తకుండానే.

వదిన చెప్పసాగింది. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత ధారగా. ఆ ఆడమనిషి జీపులో మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ముసలాయన పక్కన కూర్చుంది. మేకపిల్ల ఆమె కొంగు నమిలింది. దిగిన ప్రతి పల్లెలోనూ అడిగింది. ఒక ఇంట్లో, ఔను, మా ఇంటి కప్పు సరిచేసి పోయిండు అన్నారు. ఇంకోచోట, మా పిలగానికి ఈత నేర్పిండు అన్నారు. ఆమె పోయేకొద్దీ ఆ మనిషి గురించి తనకు తెలియని సంగతులే తెలుస్తున్నాయి. వదిన ఉట్నూర్ ఎన్నడూ చూడలేదు. అడవి అంటే ఆమెకు సినిమాల్లో చూసిందే. అయినా ఆ మేకపిల్ల నమిలిన కొంగు నాకు ఇప్పటికీ కళ్లకు కనిపిస్తుంది.

కొన్ని రోజులు కథ ఆమెదే. పెద్దవ్వ వింటూ చుట్టింది, అందరికంటే ముందు తన చాటలోంచి బీడీలు తీసి వదిన చాటలో వేసింది కూడా ఆమే.

ఒక పొద్దున వదిన చాట లేకుండా వచ్చింది. మా అవ్వతో అంది: "చిన్నమ్మా, పక్క మండలంల ఒకాయన దుబాయి నుంచి వచ్చిండట. ఆయన గూడ గదే కంపెనీల చేసిండట. పోయి అడుగుదామనుకుంటున్న. జర తోడొస్తవా?"

అవ్వ బీడీలు అట్లాగే వదిలేసి లేచింది. నేనూ వెంట పోయాను.

ఆయన ఇల్లు వెతుక్కుని పోయేసరికి మధ్యాహ్నమైంది. మంచం మీద పడుకున్న మనిషి మమ్మల్ని చూసి లేచి కూర్చున్నాడు. అన్న పేరు వదిన చెప్పగానే, "మంచిగనే ఉన్నడు, పరేషాన్ గాకుండ్రి" అన్నాడు ముందుగా. తర్వాత మిగతాది చెప్పాడు. కంపెనీ బందైంది. పనివాళ్లంతా క్యాంపులోనే ఉండిపోయారు. జీతాలు లేవు, పాస్‌పోర్టులు చేతిలో లేవు. "ఫోన్ జేసి ఏం చెప్పాలె అని సిగ్గువడ్డడమ్మా. మేమంత గంతే. నా నసీబు బాగుండి నేను ముందుగాల వచ్చిన. ఆయన గూడ వస్తడు. జర ఆలస్యమైతది."

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో వదిన మిరపకాయ బజ్జీలు తింది. నోరు మండి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఇంకో పొట్లం కట్టించుకుంది. "నాలుగు నెలల సంది ఆకలి గాలే చిన్నమ్మా" అని నవ్వింది. మా అవ్వ పైట చెంగుతో ఆమె మూతి తుడిచింది.

అన్న ఆ వానాకాలం తర్వాత వచ్చాడు. చెంపలు లోపలికి పోయి, చేతిలో ఒక్క సంచితో వచ్చాడు. వదిన కొన్నాళ్లు అరుగు మీదికి రాలేదు. వచ్చిన రోజున అందరూ ఒక్కటే అడిగారు, అడవిలో గామె ఏమైంది, మొగడు దొరికిండా అని.

"గామె పనిల పడ్డది. కత చెప్ప తీరుతలేదు" అని వదిన ఆకులు ముందరేసుకుంది. ఆ కథ అంతటితో ఆగిపోయింది.

డిగ్రీకి నేను కరీంనగర్ వచ్చాను. తర్వాత బడిలో టీచరు ఉద్యోగం. రాయాలన్న కోరిక అప్పుడే పుట్టింది. కానీ నేను రాసినవన్నీ నేను చూడనివే. సముద్రం ఒడ్డున విడిపోయే ప్రేమికులు, నగరంలో పదో అంతస్తు మీద ఒంటరి మనుషులు. పత్రికలకు పంపితే ఏ జవాబూ వచ్చేది కాదు. ఒక ఆదివారం అవ్వతో ఫోనులో, "ఏం రాయాల్నో తెలుస్తలేదే" అన్నాను. అవ్వకు నా రాతల సంగతి పెద్దగా పట్టదు. తన ధోరణిలో ఊరి సంగతులు చెప్పింది. బీడీల పని తగ్గిపోయింది. పెద్దవ్వ పోయినంక ఆ అరుగు మీద ఎవరూ కూర్చోవడం లేదు. "మొన్న నీ వదిన ఒక్కతే పోయి జరసేపు కూసోని వచ్చింది" అంది.

ఫోను పెట్టేసి ఆ రోజే కథ మొదలుపెట్టాను. అరుగు, చాటలు, ఫోను రాని శుక్రవారాలు, జీపెక్కిన ఆడమనిషి. పూర్తయ్యాక పంపబోతూ ఆగాను. నా చేతిలో ఉన్నది వదిన బతుకు. ఆమెను అడగకుండా కవరు అంటించడానికి మనసు ఒప్పలేదు. మరుసటి సెలవు రోజున ఊరికి పోయాను.

వదిన వాకిట్లో కుట్టుమిషన్ ముందు ఉంది. అన్న లోపల గదిలో పడుకున్నాడు, ఆటో నడిపి వచ్చి. నేను చాప మీద కూర్చుని కథ మొత్తం చదివి వినిపించాను. ఆమె మిషన్ ఆపి వింది.

"గా బస్టాండుల నేనేడువలే పిల్లా" అంది చివరికి. "నువ్వెందుకు ఏడిపిచ్చినవ్? మిర్చీలు తిన్న గద?"

కథ బరువుగా ఉండాలని కన్నీళ్లు పెట్టించానని చెప్పాను. ఆమె నవ్వింది. "మిర్చీలే పెట్టు. ఏడుపు అందరు ఏడుస్తరు."

"వేరే ఏమన్న మార్చాల్నా వదినా? వద్దంటే పంపను."

ఆమె దారపు ఉండ చేతిలోకి తీసుకుని చుట్టసాగింది. "పెద్దవ్వ గూడ గిట్లనే అడిగింది" అంది.

నాకు అర్థం కాలేదు.

"కత మొదలువెట్టే ముందు రోజు మా ఇంటికొచ్చింది. 'బిడ్డా, నీ అసొంటి మనిషి కత ఒకటి నా కడుపుల తిరుగుతున్నది. పేరు పెట్ట, ఊరు మారుస్త. నువ్వు వద్దంటే గీడనే మర్చిపోత' అన్నది. నేను ఒక దినమంత ఆలోచన జేసి, చెప్పు పెద్దవ్వా, నాకైతే చెప్పుకోనొస్తలేదు అన్న."

ఆ రోజు అరుగు మీద పెద్దవ్వ తెగించి చెబుతోందని మేమంతా భయపడ్డాం. మా అవ్వ కళ్లతో వారించింది కూడా. ఇన్నేళ్లూ నేను అనుకున్నది అదే. అందరి ఎదుటా ఒక్క ముక్క కూడా బయట పెట్టకుండా ఆ ఇద్దరూ ఎట్లా కూర్చున్నారో!

అప్పుడు లోపలి నుంచి అన్న వచ్చి గడప మీద కూర్చున్నాడు. నిద్రపోలేదు, అంతా విన్నాడు.

"మంచిగనే రాసినవ్ చెల్లె. గని దాంట్ల నేనేడ ఉన్న?" అన్నాడు. "అడవిల తప్పిపోయినోడు ఏం జేసిండో ఎవ్వలు చెప్పలే."

"నువ్వు చెప్తే గద" అంది వదిన.

ఆయన నేల వైపు చూస్తూ చెప్పాడు. క్యాంపులో గదికి ఇంతమందని లెక్క లేకుండా ఉండేవాళ్లట. ఉన్న బియ్యం అందరూ కలిపి ఒకే గిన్నెలో వండుకునేవాళ్లట. "ఫోన్ జేసే కార్డు లేకున్నా, సుక్కురారం వస్తే గడ్డం గీక్కునేటోన్ని. పొద్దుగాల తానం జేసి, అంగీ మార్చుకోని, నువ్వు తలంటుకోని దుకానం కాడ నిలవడ్డవని అనుకోని, గాడ తలుపు ముందర నిలవడేటోన్ని. నువ్వు లోపలికి పోయే యాల్లకు నేను గూడ లోపలికి వచ్చేటోన్ని."

వదిన చేతిలో దారపు ఉండ జారి కింద పడింది. తీసుకోలేదు.

"గీ ముచ్చట నాకెప్పుడు చెప్పలే."

"నువ్వెప్పుడు అడగలే."

"నేను తలంటుకునుడు నీకెట్ల ఎరుక?"

"ఫోన్‌ల నువ్వే చెప్పేటిదానివి గద, జుట్టు ఇంక ఆరలే, జల్ది పెట్టెయ్యి అని."

నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. వదిన మిషన్ ముందు నుంచి లేచి వచ్చి ఆయనకు ఎదురుగా చాప మీద కూర్చుంది. నేనక్కడ ఉన్నానన్నది కూడా ఆమె మరిచినట్టుంది.

"క్యాంపుల అద్దమున్నదా?" అని అడిగింది.

"లేదు. పక్క మంచమాయన చెన్నూరాయన. నాకు ఆయన గీకేది, ఆయనకు నేను గీకేది."

"కోసుకపోలే?"

"ఒక్కపారి గిక్కడ" అని ఆయన దవడ కింద చూపించాడు. ఆమె ముందుకు వంగి, వేలితో తడిమి చూసింది. ఆ రోజు వాళ్లింట్లో పొయ్యి వెలిగేసరికి బాగా పొద్దుపోయింది. నన్ను తినకుండా పోనివ్వలేదు.